వచ్చినవాళ్ళు వెళ్ళాక మిగిలిన విద్య

పాత చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం వైపు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. రెండు వేల అడుగుల ఎత్తున్న మెట్ట గనక ఎండాకాలంలోనూ రాత్రిళ్ళు చల్లబడతాయి. జీవనది మాత్రం లేదు. గుట్టల మీద పడ్డ వాన వంకల్లో దిగి చెరువు నిండితే వరిమడి, లేకుంటే చెనిక్కాయలు, రాగులు. చెరువులు వట్టిపోయాక బోర్లు వచ్చాయి. అవీ వెయ్యి అడుగులు దాటిపోయాయి. జిల్లాల గీతలు ఈమధ్య ఎన్నిసార్లు మారినా ఈ నేల గుణం మారలేదు.

ఇలాంటి నేలకు నూటయాభై ఏళ్ళుగా బయటినుంచి పని తెలిసినవాళ్ళు వస్తూనే ఉన్నారు. డాక్టర్లు వచ్చారు, పంతుళ్ళు వచ్చారు, పట్టుపురుగుల నిపుణులు, పశువైద్యులు, కంప్యూటర్ ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు వచ్చారు. కొందరు జీతం లేకుండా, కొందరు తిండికి సరిపడా తీసుకుని, కొందరు ప్రభుత్వాలో కంపెనీలో పంపగా వచ్చారు. అందరూ ఏదో ఒక సలహా చెప్పారు. ఆ సలహాల్లో కొన్ని ఇక్కడ వేరూనాయి, కొన్ని నష్టం చేశాయి, కొన్ని వచ్చినవాళ్ళతోనే బండెక్కి వెళ్ళిపోయాయి. ఎందుకలా జరిగిందో వెతకడానికి మదనపల్లె, పుంగనూరు, కుప్పం కంటే మంచి చోటు రాయలసీమలో నాకు కనిపించలేదు.

నైపుణ్యం ఉన్నవాళ్ళను స్వచ్ఛందంగా దూరదేశాలకు పంపే పద్ధతికి ప్రపంచంలో ఒక రూపం ఏర్పడింది 1958లో. ఇంగ్లండులో అలెక్ డిక్సన్, మోరా డిక్సన్ దంపతులు వి.ఎస్.ఓ. అనే సంస్థను మొదలుపెట్టిన సంవత్సరం అది. వాళ్ళు మొదట పంపింది బడి చదువు అప్పుడే ముగించిన పద్దెనిమిదేళ్ళ పిల్లలను. కొన్నేళ్ళకే సంగతి తెలిసొచ్చింది. అవతలి ఊళ్ళు అడిగేది నర్సును, వడ్రంగిని, లెక్కలు రాయగలవాడిని, పంటల సంగతి తెలిసినవాడిని. దాంతో పట్టభద్రులు, తర్వాత పాతికేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు వెళ్ళడం మొదలైంది. జీతం ఉండదు, ఆ దేశంలో ఒక మామూలు ఉద్యోగి బతికే పాటి భత్యం ఇస్తారు. అమెరికాలో 1964లో, నెదర్లాండ్స్‌లో 1978లో, జర్మనీలో 1983లో పుట్టిన సంస్థలు ఇంకో మెట్టెక్కి, రిటైరైన మేనేజర్లను, ఇంజనీర్లను చిన్న పరిశ్రమలకు సలహాదారులుగా పంపాయి. జపాన్ 1965 నుంచి తన యువకులను పంపుతోంది. వీళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: పంపిన మనిషి తిరిగొచ్చేశాక ఆ పని అక్కడివాళ్ళ చేతిలో నిలుస్తుందా? మదనపల్లె ఆ ప్రశ్నను ఈ సంస్థలేవీ పుట్టకముందే ఎదుర్కొంది.

ఆరోగ్యవరం

అమెరికా నుంచి వచ్చిన జేకబ్ చాంబర్లిన్ 1860ల్లో మదనపల్లెలో కాపురం పెట్టాడు. వైద్యం చదివిన మిషనరీ. మతం చెప్పడానికే వచ్చాడు, ఆ మాట దాచుకోనూ లేదు. కానీ మందుల పెట్టె విప్పి కూర్చుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చి నిలబడేవి. తెలుగు పట్టుదలగా నేర్చుకున్నాడు. 1908లో ఇక్కడే కన్నుమూశాడు. ఆ మిషన్ తరఫునే డాక్టర్ లూయిసా హార్ట్ చేతుల మీదుగా 1911లో ఆడవాళ్ళ కోసం మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి వచ్చింది. మగ డాక్టరు చెయ్యి పట్టుకుంటేనే తప్పనుకునే రోజుల్లో ఒక డాక్టరమ్మ నడిపే ఆసుపత్రి ఎన్ని ప్రాణాలు నిలిపిందో ఊహించుకోవచ్చు.

ఆ వెనకే ఆరోగ్యవరం. క్షయ అంటే చావు చీటీ అనుకునే కాలంలో దక్షిణాదిన పనిచేసే చాలా మిషన్లు కలిసి ఒక శానిటోరియం కట్టాలని తలపెట్టాయి. పొడి గాలి, ఎత్తైన మెట్ట, ఎండ, దూరాన గుట్టలు. ఇవన్నీ చూసి మదనపల్లె పక్కన చోటు ఎంచుకున్నారు. 1912లో పునాది, 1915లో ప్రారంభం. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ మొదటి సూపరింటెండెంటు. అప్పటికి క్షయకు మందు లేదు. పడుకోవడం, మంచి తిండి, బయటి గాలి, తర్వాత్తర్వాత ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చే శస్త్రచికిత్సలు. నెలల తరబడి, ఏళ్ళ తరబడి రోగులు అక్కడే ఉండేవాళ్ళు. తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ నాడుల నుంచి వచ్చి ఆ వరండాల్లో మంచాలు వేసుకున్నారు.

ఆరోగ్యవరం నేర్పిన పాఠాన్ని నేను రోగుల లెక్కలో వెతకను. దాన్ని చూడవలసింది డాక్టర్ పి.వి. బెంజమిన్ బతుకులో. కేరళ నుంచి వచ్చి ఈ శానిటోరియంలో పనిచేసి, ఫ్రిమాట్ మోలర్ తర్వాత దాన్ని నడిపి, స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. డెన్మార్క్ డాక్టరు తెచ్చిన విద్య ఒక భారతీయుడి చేతిలో పండి, దేశం మొత్తానికి పనికొచ్చింది. 1948 ఆగస్టులో దేశంలో మొదటిసారి బి.సి.జి. టీకా వేసింది మదనపల్లెలోనే.

టీకా వేసి ఊరుకోలేదు. క్రిస్టియన్ కొడుకు జొహానెస్ ఫ్రిమాట్ మోలర్ 1950 నుంచి 1955 దాకా మదనపల్లె పట్నంలోనూ చుట్టూ ఉన్న పల్లెల్లోనూ దాదాపు 60,000 మంది జనాభాను తీసుకుని పరీక్షలు జరిపాడు. ఎక్స్‌రేలు తీశారు, చేతిమీద ట్యుబర్‌క్యులిన్ సూది వేసి మూడు రోజులకు వాపు కొలిచారు, టీకా వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ ఏళ్ళ తరబడి గమనించారు. ఆ ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయ్యాయి. చెనిక్కాయలు పెరుక్కునే పల్లెల జనం శరీరాల మీద రాసిన ఆ లెక్కలు ప్రపంచంలో క్షయ చదివే ప్రతివాడికీ పరిచయం.

టీకాను అందరూ చేతులు చాచి స్వీకరించలేదు. రాజాజీ అంతటివాడు 1955లో బి.సి.జి.ని ఎందుకు వ్యతిరేకిస్తున్నానో చెబుతూ చిన్న పుస్తకం వేశారు. ఆయన భయాలన్నీ నిజం కాలేదు. కానీ విదేశీ నిపుణుడు చెప్పాడని పిల్లల చేతుల్లో సూది దించేముందు మన జనం మీద అది ఎలా పనిచేస్తుందో చూడాలన్న పట్టు న్యాయమైనదే. 1968లో చెంగల్పట్టు దగ్గర మొదలైన ఇంకా పెద్ద పరీక్షలో తేలింది, పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేకపోతోందని. పసిపిల్లలకు వచ్చే ప్రాణాంతకమైన క్షయ నుంచి కాపాడుతుంది గనక ఇప్పటికీ పుట్టగానే వేస్తున్నారు. ఈ సంగతులన్నీ తేలడానికి దారి వేసిన ఊళ్ళలో మదనపల్లె ముందుంది.

ఇంకో మలుపు కూడా ఉంది. 1959లో మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం ఒక ఫలితం ప్రకటించింది. మందులు సరిగా మింగితే, ఇరుకింట్లో, అరకొర తిండితో ఉన్న రోగికి కూడా శానిటోరియంలో ఉన్నవాడంత బాగానే నయమవుతుందని. ఆ ఒక్క మాటతో ప్రపంచమంతా శానిటోరియంల పని ముగియడం మొదలైంది. ఆరోగ్యవరం కూడా మెల్లగా మామూలు రోగాల ఆసుపత్రిగా మారింది. తన పని తీరిపోయిందని శాస్త్రం చెప్పినప్పుడు ఒక సంస్థ ఇంకో పనిలోకి దిగడం చిన్న విషయం కాదు. సాయం చేసే సంస్థలు నేర్చుకోవలసినవాటిలో అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నా నమ్మకం.

దివ్యజ్ఞాన సమాజం వాళ్ళ సంగతి ఇక్కడ చాలామందికి తెలిసిందే. 1915లో అనిబిసెంట్ పెట్టిన కళాశాల, ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ప్రిన్సిపాలుగిరీ, 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చడం, మార్గరెట్ కజిన్స్ దానికి స్వరం కట్టడం. ఊరు గర్వంగా చెప్పుకునే కథ. నేనిక్కడ ఆగను. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన లోయకు వెళ్ళాలి.

నిచ్చెన మెట్లు

రిషివ్యాలీ స్కూలు పేరు దేశమంతా తెలుసు. స్థోమత ఉన్నవాళ్ళ పిల్లలు చదివే బోర్డింగు స్కూలని కూడా తెలుసు. ఆ స్కూలు గేటు అవతలి పల్లెల్లో జరిగిన పని గురించి మన తెలుగువాళ్ళకే తక్కువ తెలుసు.

1980ల చివర్లో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు ఆ స్కూలు గ్రామీణ విభాగంలో పని మొదలుపెట్టారు. పల్లె బడి అప్పుడెలా ఉండేదో, చాలాచోట్ల ఇప్పుడూ అలాగే ఉంది. ఒకే గది, ఒకే పంతులు, ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులు. చెనిక్కాయ పెరికే రోజుల్లో పిల్లలు రారు. గొర్రెల వెంట పోయిన పిల్లాడు వారం తర్వాత వస్తే పాఠం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. వెనకబడ్డవాడు ఇంకా వెనకబడి, చివరికి బడి మానేస్తాడు. తప్పు పిల్లాడిదని అందరూ అనేవాళ్ళు.

వీళ్ళు తప్పును పాఠం అమరికలో చూశారు. తెలుగు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నిటినీ చిన్న చిన్న పనులుగా విడగొట్టి కార్డులు తయారుచేశారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. గోడ మీద ఒక నిచ్చెన పటం. నిన్న ఎక్కడ ఆగాడో పిల్లాడు ఆ మెట్టు చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, తన గుంపులో కూర్చుంటాడు. ఒక గుంపు పక్కన టీచరు పూర్తిగా ఉంటాడు, ఇంకో గుంపుకు అప్పుడప్పుడు చెయ్యందిస్తాడు, మూడో గుంపులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు, నాలుగో గుంపు తమంతట తామే చేసుకుంటుంది. వారం రాని పిల్లాడికి ఏ పాఠమూ తప్పిపోదు. అతని మెట్టు అతని కోసం అక్కడే ఉంటుంది. పరీక్ష కూడా నిచ్చెనలో ఒక మెట్టే కాబట్టి తప్పామన్న బెదురు ఉండదు.

ఈ బళ్ళలో పాఠం చెప్పింది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల యువతీ యువకులే. కార్డుల్లో కథలు ఆ ఊళ్ళ ముసలమ్మలు చెప్పినవి. బడి చుట్టూ పిల్లలు నాటిన చెట్లు. ఏడాదికోసారి మెట్రిక్ మేళా పెడతారు. పిల్లలే అంగళ్ళు తెరిచి, తూచి, కొలిచి, చిల్లర లెక్కపెట్టి అమ్ముతారు. తమ తల్లిదండ్రులకు సంతలో జరిగే మోసం ఎక్కడ జరుగుతుందో ఆ పిల్లలకు ఎనిమిదేళ్ళకే తెలుస్తుంది. ఈ ఒక్క మేళా కోసమైనా ఆ పద్ధతికి నేను దండం పెడతాను.

ఆ పైన సలహా దారి తిరగబడింది. 1990ల్లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి ప్రభుత్వ టీచర్లు ఇక్కడికొచ్చి చూసి, వెనక్కి వెళ్ళి తమ చేతులతో కన్నడ కార్డులు రాసుకున్నారు. అదే 1995లో నలి-కలి అయ్యి, తర్వాత కర్ణాటక అంతా పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్ళు ఇదే దారి పట్టాయి. అక్కడి కమిషనర్‌గా ఉన్న ఎం.పి. విజయకుమార్ టీచర్లను బస్సులెక్కించి రిషివ్యాలీకి పంపారు. కొన్నేళ్ళలో తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బళ్ళన్నింటికీ ఆ పద్ధతి చేరింది. జర్మనీలో రెగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళు కూడా దీన్ని నేర్చుకుని తమ బళ్ళలో ప్రయత్నించారు. సలహా ఇవ్వడానికి యూరప్ నుంచి మన దగ్గరికి రావడమే చూసిన మదనపల్లె, యూరప్‌కు సలహా పంపింది. ఈ వార్త మన పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కలేదన్న బాధ నాకుంది.

పొట్టి ఆవు నేర్పింది

మదనపల్లె నుంచి పుంగనూరుకు బస్సెక్కితే గంట ప్రయాణం. జమీందారుల కాలంనాటి ఊరు. ప్రపంచంలోనే అతి చిన్న ఆవు జాతుల్లో ఒకటి ఈ ఊరి పేరు మోస్తోంది. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు 115 నుంచి 200 కిలోలు. కరువు నేలకు తగిన జీవి. ఎండుగడ్డి తిని బతుకుతుంది, ఎండకు తట్టుకుంటుంది. పాలు కొద్దిగానే ఇస్తుంది గానీ వెన్న శాతం 8 దాకా ఉంటుంది. ఈ పొట్టి ఎద్దులు ఇక్కడి ఎర్రమన్ను దున్నాయి.

సలహా ఎంత కీడు చేయగలదో చూడాలంటే ఈ ఆవు కథ చూడాలి. 1960ల నుంచి దేశమంతా పాల దిగుబడి పెంచాలన్న తపన. ఆ తపన తప్పు కాదు, పట్నాల్లో పసిపిల్లలకు పాలు లేవు. జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో సంకరం చేస్తే లీటర్లు పెరుగుతాయని పశుసంవర్ధక నిపుణులు చెప్పారు. లీటర్లు పెరిగాయి కూడా. పడమటి మండలాల్లో నేడు ఇంటి ఖర్చు గడుస్తున్నది చాలాచోట్ల ఆ సంకర ఆవుల పాలతోనే, ఆ సంగతి మరిచి మాట్లాడటం అన్యాయం. కానీ ఆ లెక్కలో పుంగనూరు ఆవు ఎక్కడా లేదు. దాణా ఖర్చు తక్కువ, నీళ్ళు తక్కువ, రోగం తక్కువ అన్న గుణాలకు విలువ కట్టే గడి ఏదీ ఆ పట్టికలో లేదు. ట్రాక్టరు వచ్చాక ఎద్దుకూ పని పోయింది. మేలైన ఆబోతులు దొరక్క జాతి పలచబడి, అంతరించే అంచుకు చేరింది.

దాన్ని నిలబెట్టింది పలమనేరు పశు పరిశోధనా కేంద్రం. మిగిలినవాటిని సేకరించి, వంశావళి రాసి, దూడ దూడకూ లెక్క పెట్టి కాపాడింది. ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు పిండ మార్పిడి దాకా వెళ్ళారు. ఒక తరం నిపుణులు చెరిపినదాన్ని ఇంకో తరం నిపుణులు తిరిగి దిద్దుతున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక వీటి ధర లక్షల్లోకి వెళ్ళింది. ఇప్పుడు నగరాల్లో బంగళాల ముందు, అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో కనిపిస్తున్నాయి. జాతి బతికితే చాలనుకునేవాళ్ళు దీనికి సంతోషిస్తారు. నాకు మాత్రం రెండెకరాల మెట్ట రైతు దీన్ని కొనలేకపోతున్నాడన్నది పెద్ద లోటుగా కనిపిస్తోంది. ఆ ఆవు పుట్టింది అతని కొట్టంలో.

తెల్ల గూళ్ళు

పట్టు సంగతికి వస్తే కథ సాఫీగా నడిచింది. మదనపల్లె నుంచి కుప్పం దాకా మల్బరీ తోటలు ఎటు చూసినా కనిపిస్తాయి. మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. పాతకాలంలో ఇక్కడ పెంచింది పసుపు గూళ్ళు కట్టే సంకర జాతి. మొండిది, కానీ దారం నాణ్యం తక్కువ. చీర పడుగుకు చైనా పట్టు తెప్పించుకోవాల్సి వచ్చేది. 1991లో జపాన్ సహకార సంస్థ జైకా, మన కేంద్ర పట్టు మండలి కలిసి మైసూరు పరిశోధనా సంస్థలో పని మొదలుపెట్టాయి. 2007 దాకా సాగిన ఆ పనిలో జపాన్ నిపుణులు వచ్చి సంవత్సరాలు ఉన్నారు. ఉష్ణదేశంలో తెల్ల గూళ్ళ బైవోల్టిన్ పురుగు బతకదన్న మాటను అక్కడే అబద్ధం చేశారు.

వాళ్ళు నేర్పినవన్నీ వినడానికి చిన్న పనులు. మనుషులుండే ఇంట్లో పురుగులు పెంచవద్దు, వేరే షెడ్డు కట్టండి. ఆకు కోసి పళ్ళేల్లో వేయడం మానండి, కొమ్మలు కొమ్మలుగా నరికి అరల మీద పరవండి. మనిషి కష్టం సగం తగ్గుతుంది, పురుగుకు గాలి తగులుతుంది. పంట పంటకూ షెడ్డు కడిగి మందు కొట్టండి. లేత పురుగులను ప్రతి రైతూ పెంచి చంపుకోవద్దు, ఒకచోట నేర్పున్నవాళ్ళు రెండో జ్వరం (కుబుసం విడిచే దశ) దాటేదాకా పెంచి ఇవ్వనివ్వండి. ఈ ఆఖరి సలహా నుంచే చాకీ కేంద్రాలనే వ్యాపారం పుట్టింది. ఇవాళ లేత పురుగులు పెంచి అమ్మడమే జీవనోపాధిగా ఉన్న కుటుంబాలు మల్బరీ ఊళ్ళన్నింటా ఉన్నాయి. జపాన్ వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఇప్పుడు రైతుకు తెల్ల గూడు తన పంటే, అది ఏ దేశం సలహాతో వచ్చిందో గుర్తుంచుకోవాల్సిన పని కూడా అతనికి లేదు.

కుప్పానికి వచ్చిన బండ్లు

మూడు రాష్ట్రాలు కలిసే మూలన, బెంగళూరు-చెన్నై రైలు మార్గం మీద ఉన్న కుప్పం 1990ల నుంచి ప్రయోగాల ఊరైంది. అప్పటి ముఖ్యమంత్రి నియోజకవర్గం కావడం అందుకు ఒక కారణం. 1990ల చివర్లో ఇజ్రాయెల్ పద్ధతిలో బిందు సేద్యపు ప్రదర్శన క్షేత్రం పెట్టారు. చిన్న రైతుల కమతాలను కలిపి చేసిన ఆ సాగు ఖర్చు మీద, గెనిమలు చెరిపేయడం మీద గట్టి విమర్శలే వచ్చాయి. ఆ క్షేత్రం నమూనా ఊళ్ళకు పాకలేదు. డ్రిప్ పైపు మాత్రం పాకింది. 2003 చివర్లో రాష్ట్రం సూక్ష్మ సేద్యానికి సబ్సిడీ పథకం తెచ్చాక పడమటి మండలాల రైతులు దాన్ని తమ టమోటాకు, మల్బరీకి తగ్గట్టు మలుచుకున్నారు. మొత్తం వ్యవస్థను తెచ్చి నిలబెడితే ఊరు ఒప్పుకోలేదు, అందులో తనకు పనికొచ్చే ముక్కను తీసుకుంది.

2002లో హెచ్.పి. కంపెనీ వచ్చింది. కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం, వి.కోట మండలాల్లో మూడేళ్ళ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు. ఊళ్ళలో సమాచార కేంద్రాలు పెట్టారు. వాటన్నిటికంటే నాకు నచ్చింది ఫొటోల పని. పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డిజిటల్ కెమెరా, సంచిలో పట్టే ప్రింటరు, సోలార్ పలక ఇచ్చి ఫొటోగ్రాఫర్లుగా తయారుచేశారు. కరెంటు లేని ఊళ్ళో కూడా ఫొటో తీసి అక్కడికక్కడే చేతిలో పెట్టేవాళ్ళు. కార్డులకు, ఫారాలకు ఫొటో కావలసిన రోజులవి. స్టూడియో కోసం పట్నానికి పోతే కూలి ఒక పూట పోయేది. పొలం పని తప్ప ఇంకో ఆదాయం ఎరగని ఆడవాళ్ళు మెడలో కెమెరా వేసుకుని పెళ్ళిళ్ళకు వెళ్ళారు. కంపెనీ కూడా తన యంత్రానికి పల్లెలో ఏ పని ఉంటుందో వాళ్ళ దగ్గరే నేర్చుకుంది. తర్వాత ప్రాజెక్టు ముగిసింది, ఫోనులోకే కెమెరా వచ్చేసింది. యంత్రం చుట్టూ అల్లిన సాయానికి ఆ యంత్రం ఆయుష్షే ఉంటుంది.

పిల్లలకు సైన్సు నేర్పే అగస్త్య సంస్థ కథ వేరు. లండన్‌లో బ్యాంకు ఉద్యోగం వదిలి వచ్చిన రామ్‌జీ రాఘవన్ 1999లో ఈ సంస్థ పెట్టారు. ఆయన రిషివ్యాలీలో చదువుకున్న మనిషి. మదనపల్లె లోయలో నాటిన విత్తు కుప్పం గుట్టల్లో మొలిచిందని చెప్పుకోవడంలో అతిశయం లేదు. అణుశాస్త్రవేత్త పి.కె. అయ్యంగార్ లాంటి పెద్దలు మొదటినుంచీ వెంట నిలిచారు. గుడివంక దగ్గర 172 ఎకరాల బోడి నేల తీసుకుని చెట్లు పెంచారు, ప్రయోగశాలలు కట్టారు.

అయితే అగస్త్య అసలు ఆలోచన ఆ ఎకరాల్లో లేదు, వ్యానులో ఉంది. ల్యాబు లేని బడికి ల్యాబే వెళుతుంది. అట్టముక్కలు, సైకిల్ ట్యూబులు, అద్దాలు, అయస్కాంతాలతో చేసిన నమూనాలు, వాటిని విప్పి చూపే ఒక శిక్షకుడు. శిక్షకులు చాలామంది చిన్న ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఆ పైన పిల్లల్లోంచే యువ బోధకులను తయారుచేస్తారు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఆరో తరగతి పిల్లలకు గుండె ఎలా కొట్టుకుంటుందో చెబుతుంది. చెప్పాలంటే తనకు అర్థం కావాలి. తన పంతులును ప్రశ్న అడగడానికి భయపడే పిల్ల, నలుగురి ముందు నిలబడి జవాబు చెప్పే పిల్ల అవుతుంది. కుప్పంలో మొదలైన ఈ బండ్లు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో తిరుగుతున్నాయి.

నీటి ఆట, టమోటా పంతం

మదనపల్లె ప్రాంతంలోనూ ఉమ్మడి భూముల కోసం పనిచేసే ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ ఒక మంచి పని చేసింది. పాడిపరిశ్రమ బోర్డు తలపెట్టిన చెట్ల పెంపకందార్ల సహకార సంఘాల్లోంచి 2001లో రూపుదాల్చిన సంస్థ ఇది. భూగర్భ జలం గురించి ఉపన్యాసం చెప్పే బదులు, అంతర్జాతీయ పరిశోధకులతో కలిసి రైతులకు ఒక ఆట తయారుచేసింది. అయిదుగురు కూర్చుంటారు. ప్రతి ఒక్కరూ ఈ ఏడు తక్కువ నీటి పంట వేస్తారో, ఎక్కువ నీళ్ళు తాగి ఎక్కువ డబ్బు తెచ్చే పంట వేస్తారో గుట్టుగా రాసిస్తారు. లెక్క కట్టి మట్టం ఎంత దిగిందో చూపిస్తారు. మొదట మాట్లాడుకోకుండా ఆడతారు, తర్వాత మాట్లాడుకుని ఆడతారు. మాట్లాడుకోకముందు మట్టం ఎలా దిగిపోయిందో కళ్ళారా చూశాక, నిజం బోర్ల గురించి అసలు మాటలు మొదలవుతాయి. పరిష్కారం ఇదీ అని ఎవరూ చెప్పలేదు. ఆట ఆడిన ఊళ్ళలో నీటి మీద కట్టుబాట్లు పెట్టుకోవడం ఎక్కువగా కనిపించిందని ఆ పరిశోధకులు రాశారు.

టమోటా దగ్గర మాత్రం ఇంకా సలహా కుదరలేదు. మదనపల్లె యార్డు ఆసియాలోని పెద్ద టమోటా మార్కెట్లలో ఒకటి. 2023 జులై ఆఖరులో కిలో రెండొందల దరిదాపుకు వెళ్ళింది. అదే యార్డులో ఇంకొన్ని నెలల్లో కోత కూలి కూడా రాక, పంట రోడ్డు పక్కన పారబోసిన రోజులున్నాయి. 2018లో కేంద్రం ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్‌లో చిత్తూరు, అనంతపురం ఉన్నాయి. గుజ్జు ఫ్యాక్టరీ పెడితే సరిపోతుందని ఎవరైనా ఇట్టే చెబుతారు. చిక్కు అక్కడే ఉంది. మన రైతు వేసేది దూరం ప్రయాణించి కూరకు పనికొచ్చే రకం. గుజ్జుకు ఘనపదార్థం ఎక్కువున్న వేరే రకం కావాలి, దానికి యార్డులో మంచి రేటు రాదు. ఫ్యాక్టరీ రెండు రూపాయల ధర దగ్గర మాత్రమే కొంటానంటే రైతు ఆ రకం వేయడు, రైతు వేయకపోతే ఫ్యాక్టరీ నడవదు.

చిత్తూరు జిల్లాలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పదుల్లో ఉన్నాయి. వాటికి అసలు పని తోతాపురి కాలం రెండు మూడు నెలలే. కొన్ని టమోటా పేస్టు కూడా చేస్తున్నాయి. మిగతావాటిలో ఆవిరి యంత్రం మార్చాలంటే ఎంతవుతుంది, ఏ నెలల్లో నడపొచ్చు, వంద ఎకరాల రైతు ఉత్పత్తిదారుల సంఘం ఏ రేటుకు ఒప్పందం రాసుకుంటే రెండు వైపులా నిలబడుతుంది, చెల్లింపు ఆలస్యమైతే సంఘం దగ్గర ఎన్ని రోజుల డబ్బు చేతిలో ఉండాలి. ఇవి ఆహార పరిశ్రమలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీరు, ఒక అకౌంటెంటు ఏడాదిపాటు కూర్చుంటే తేలే లెక్కలు. అలాంటి మనుషుల కోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. కుప్పం నుంచి తెల్లారగట్ల రైలెక్కి బెంగళూరు ఫ్యాక్టరీలకు, ఆఫీసులకు పోయివచ్చే వాళ్ళలోనూ, ముప్ఫై ఏళ్ళు అక్కడే ఉద్యోగం చేసి ఇప్పుడు మదనపల్లెలో ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళలోనూ ఆ పని తెలిసినవాళ్ళున్నారు. వాళ్ళను పిలవాల్సింది సంఘాలు. రావాల్సింది వాళ్ళు. వచ్చేటప్పుడు ఒక్క షరతు పెట్టుకోవాలి: ఆ ఊళ్ళో లెక్కలు నేర్చుకునే కుర్రాడో అమ్మాయో పక్కన కూర్చుంటేనే పుస్తకం తెరవాలి.